గార పెరట్లో బల్ల, జాజి పందిరి: మార్చి నుంచి అక్టోబరు దాకా

మార్చి 9

పెరట్లోని చెక్క బల్లను ఈ రోజు విప్పేశాను. ముందు కాలు పట్టుకుని ఊపితే కింది జానెడు ముక్క మట్టిలోనే ఉండిపోయి, మిగతాది చేతిలోకి వచ్చేసింది. కొని ఏడేళ్లయింది. పక్కన జాజి పందిరికి పాతిన నాలుగు సరుగుడు రాటలైతే మూడో వానాకాలానికే మొదట్లో మెత్తబడ్డాయి. ఇన్నాళ్లూ వెదురు ఊతాలు పెట్టి నెట్టుకొచ్చాం. మాది శ్రీకాకుళం జిల్లా గార మండలం, కళింగపట్నం తీరం దగ్గరే. ఎండాకాలం సాయంత్రాలు సముద్రం గాలి తగులుతుంది, దాంతోపాటు ఉప్పూ తేమా వస్తాయి. ఈ గాలికి చెక్క నిలవదని మా ఊళ్లో అందరూ అంటారు. ఎందుకు నిలవదో కళ్లారా చూసి, ఆ తర్వాతే కొత్తది కడదామనుకున్నాను.

ఒక రాటను తవ్వి తీసి పొడవునా రంపంతో కోశాను. పైభాగం గట్టిగా ఉంది. నేలలో రెండడుగుల లోతున ఉన్న కొసా దాదాపు గట్టిగానే ఉంది. నేలమట్టం దగ్గర, పైకో బెత్తెడు కిందికో బెత్తెడు, అక్కడే వేలితో నొక్కితే తడిసిన అట్టలా దిగిపోయింది. చెక్కను తినే బూజుకి నీళ్లు కావాలి, గాలి కావాలి, వెచ్చదనం కావాలి. లోతు మట్టిలో గాలి తక్కువ. పైన చెక్క తడిసినా ఆరిపోతుంది. నేలమట్టం దగ్గర మాత్రం మట్టిలోంచి తేమ ఎక్కుతూనే ఉంటుంది, గాలీ అందుతుంది. ఇక వెచ్చదనం సంగతి చెప్పనక్కర్లేదు. 25 నుంచి 30 డిగ్రీల మధ్య బూజు బాగా పెరుగుతుంది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా మా రాత్రులు దాదాపు అలాగే ఉంటాయి.

బల్ల పలకలది ఇంకో కథ. పైన వార్నిష్ ఇంకా మెరుస్తూనే ఉంది. ఉలితో గీకితే కింద నల్లగా, తడిగా ఉంది. పలకలన్నీ సందు లేకుండా ఒకదానికొకటి ఆనించి బిగించారు. మేకు కొట్టిన ప్రతిచోటా సన్నటి పగులు, అందులోంచి నీళ్లు లోపలికి వెళ్లాయి. బయటికి రావడానికి వార్నిష్ దారి ఇవ్వలేదు.

నోట్‌బుక్ మొదటి పేజీలో ఒక ప్రశ్న రాసుకున్నాను: ఇక్కడికి నీళ్లు చేరితే, ఎటు పోతాయి? ఈసారి ప్రతి జాయింటు దగ్గరా ఇదే అడుగుతాను.

మార్చి 15

కలప కోసం శ్రీకాకుళం వెళ్లాం. మాకు తెలిసిన వడ్రంగి బాబాయి కూడా వచ్చాడు. డిపోలో కొత్త టేకు చూపించారు. చూడ్డానికి బాగుంది. బాబాయి పలక కొసను తిప్పి చూపించాడు. సగానికి పైగా తెల్లగా ఉంది. "ఇదిగో, ఈ తెల్లగున్నదాంట్లో సేవ నేదమ్మా. రెండు వానలకి పురుగెక్కీద్ది" అన్నాడు. టేకు అంటే చాలు, ఎన్నాళ్లయినా ఉంటుంది అనుకుంటాం. చెదనూ బూజునూ ఆపే గుణం దాని చేవలో, అంటే నడిమి ముదురు కలపలో ఉంది, బెరడు కింది తెల్ల భాగంలో లేదు. తొందరగా పెంచి కోసిన చెట్టులో ఆ తెల్ల భాగమే ఎక్కువ.

చివరికి ఒక పాత పెంకుటిల్లు పడగొట్టిన చోట రెండు టేకు ద్వారబంధాలు, నాలుగు తాటి దూలాలు దొరికాయి. ద్వారబంధాలు అంతా చేవే. ఎన్నో ఏళ్లు ఆరిన చెక్క కాబట్టి ఇంకా వంకర తిరుగుతుందన్న భయం లేదు. తాటి దూలం గురించి ఒక మాట. దానికి బలమంతా పైనున్న నల్లటి నారలో ఉంటుంది, మధ్య గుజ్జు మెత్తన. అందుకే దాన్ని కోసి వాడేటప్పుడు గుజ్జు పూర్తిగా చెక్కేయాలి. లేకపోతే చెద ముందు అందులోకే దూరుతుంది. నార చీలికలు వేళ్లలో దిగితే తీయడం కష్టం, గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు.

మార్చి 22

అసలు పని మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష. ద్వారబంధం నుంచి కోసిన ఒకే పలకను ఎనిమిది ముక్కలు చేశాను. ఒక్కొక్కటి అడుగు పొడవు, నాలుగంగుళాల వెడల్పు. రెండు ముక్కలకు ఏ పూతా రాయలేదు. రెండింటికి అవిసె నూనె, రెండింటికి వార్నిష్ వేశాను. మిగిలిన రెండూ జీడిపిక్కల తొక్క నూనె కోసం ఆగాయి. ప్రతి జతలో ఒకటి చూరు కింద వేలాడుతుంది, ఒకటి మట్టి మీద పడుకుంటుంది. వంటింటి కాటా మీద తూచి, వెనక పెన్సిల్‌తో బరువు రాశాను. ఏమీ రాయనివి 412 గ్రాములు, 409 గ్రాములు ఉన్నాయి.

తూకం ఎందుకంటే, చెక్క చుట్టూ ఉన్న గాలిని బట్టి తేమ పీలుస్తుంది, వదులుతుంది. గాలిలో తేమ 80 శాతం ఉండి, 27 డిగ్రీల వేడి ఉంటే, చెక్క లోపలి తేమ దాని పొడి బరువులో సుమారు 16 శాతం దగ్గర ఆగుతుంది. బూజు పట్టి తినాలంటే 20 శాతం దాటాలి. అంటే ఉక్కపోత ఒక్కటే చెక్కను పాడుచేయలేదు. పైనుంచి నీళ్లు పడాలి, పడ్డవి అక్కడే ఉండాలి. ఉక్క చేసే అన్యాయం ఏంటంటే, తడిసినదాన్ని త్వరగా ఆరనివ్వదు. ఈ సంగతి అర్థమయ్యాక నాకు చాలా ధైర్యం వచ్చింది. మనం గాలిలో తేమను ఆపలేం, కానీ నీళ్లు నిలవకుండా చేయగలం.

ఏప్రిల్ 5, 6

రెండు రోజులు పూర్తిగా దీని మీదే.

పందిరి రాటలను ఈసారి మట్టిలో పాతలేదు. టెక్కలి వైపు నుంచి వచ్చే గ్రానైట్ ముక్కలు పాలిషింగ్ యూనిట్ల దగ్గర మిగిలిపోతాయి. అలాంటివి నాలుగు తెచ్చాం. గుంత తీసి కాంక్రీటు పోసి, అందులో యు ఆకారంలో గాల్వనైజ్డ్ పట్టీ నిలబెట్టి, పట్టీ మధ్యలో రాయి కూర్చి, దాని మీద రాట నిలబెట్టి బోల్టులు బిగించాం. రాట అడుగు నేలకి మూడంగుళాల పైన ఉంటుంది. ఊరికే రాయి మీద నిలబెడితే మా గాలులకు ఆగదు, పట్టీ తప్పనిసరి. ఇంకో లాభం కూడా ఉంది. చెద రాటలోకి ఎక్కాలంటే ఇప్పుడు రాయి మీదుగా మట్టి గొట్టం కట్టుకుంటూ రావాలి. అది కంటికి కనబడుతుంది. చూసిన రోజే గీకేయొచ్చు.

రాట పైకొస ఇంకా ముఖ్యం. చెక్క పొడవునా సన్నటి గొట్టాలు ఉంటాయి కదా, కోసిన కొస దగ్గర వాటి నోళ్లన్నీ తెరుచుకుని ఉంటాయి. పక్కభాగం కన్నా కొస చాలా వేగంగా నీళ్లు పీలుస్తుంది. పాత రాటల పైకొసలు సమంగా కోసి వదిలేశారు, వాన నీళ్లు వాటి మీదే నిలిచేవి. ఇప్పుడు నాలుగింటినీ ఏటవాలుగా కోశాం. పైన రేకు ముక్క టోపీలా పెట్టి, రేకుకీ చెక్కకీ మధ్య గాలి ఆడేలా రెండు చిన్న ముక్కలు పెట్టాం. రేకును చెక్కకి ఆనించి బిగించాలని నేను అనుకున్నాను. బాబాయి ఆపాడు. "రేకు కింద సెమట పడతాది గదమ్మా, అదెటు పోద్ది?" అన్నాడు. నా నోట్‌బుక్‌లో ప్రశ్న ఆయన చూడలేదు.

బల్ల పలకలు చిత్రిక పట్టాం. పాత టేకు మీద చిత్రిక నడుస్తుంటే వచ్చే వాసన, ఆ తేనె రంగు, ఆ ఇంట్లో ఎన్నేళ్లు ఎంతమంది ఆ గడప దాటారో అనిపించింది. పలకకీ పలకకీ మధ్య 6 మిల్లీమీటర్ల సందు వదిలాను. వానాకాలంలో చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, పొడవులో దాదాపు మారదు. ఉబ్బడానికి చోటు లేకపోతే పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుని వంగుతాయి. పలకల పై అంచులు కొంచెం గుండ్రంగా రుద్దాను, నీటి చుక్క అంచున ఆగకుండా.

స్క్రూల దగ్గర డబ్బు దాచుకోవద్దని నా మనవి. మామూలు ఇనుప మేకు టేకులో దిగితే చుట్టూ నల్ల మరక పడుతుంది. చెక్కలోని వగరు ఇనుముతో కలిసి అలా అవుతుంది. తర్వాత తుప్పు ఉబ్బి చెక్కను చీలుస్తుంది. స్టెయిన్‌లెస్‌లో కూడా 304 కన్నా 316 రకం ఉప్పుగాలికి మెరుగ్గా ఆగుతుంది. ధర ఎక్కువైనా అవే కొన్నాం.

ఏప్రిల్ 20

పలాసలో ఉన్న చుట్టాల ద్వారా జీడిపిక్కల తొక్క నూనె ఐదు లీటర్లు తెప్పించాను. పప్పు తీశాక మిగిలిన తొక్కల్లోంచి వచ్చే నల్లటి, చిక్కటి నూనె ఇది. పడవల చెక్కకి పూయడం ఎప్పటినుంచో ఉన్న అలవాటే. చెదకీ బూజుకీ ఇది పడదు.

ఒళ్లు కాలే నూనె కూడా ఇదే. సన్నటి గ్లౌజులు వేసుకున్నాను, మణికట్టు దగ్గర ఒక చుక్క పడింది, సబ్బుతో కడిగి ఊరుకున్నాను. రెండో రోజుకి పొక్కులొచ్చాయి. వారం రోజులు బాధపడ్డాను. "ఆముదం రాసుకోకుండా జీడినూనె ముట్టుకుంటావేటే?" అని అత్తమ్మ కోప్పడింది. ఆవిడ చిన్నప్పుడు ఇంటి దగ్గర పిక్కలు కొట్టేవారట. చేతులకి ముందు ఆముదం పట్టించేవారట. కాబట్టి మోచేతుల దాకా ఉండే మందపాటి గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా, గాలి ఆడే చోటు, ఇవన్నీ ఉంటేనే పని. వేడి చేయొద్దు, ఆ ఆవిరి కూడా మంచిది కాదు.

ఎక్కడ రాశానంటే, రాటల అడుగున, కొసల మీద, బల్ల కాళ్లకి. కాళ్లను నూనె పోసిన పళ్లెంలో రాత్రంతా నిలబెట్టాను, ఒకటిన్నర అంగుళం దాకా తాగాయి. టర్పెంటైన్ కలిపి పలచన చేస్తే బాగా దిగింది. ఎండలో ఆరడానికి తొమ్మిది రోజులు పట్టింది, అందుకే ఈ పని వానలకు చాలా ముందే అయిపోవాలి. కూర్చునే పలకలకి మాత్రం చుక్క కూడా తగలనివ్వలేదు. పిల్లలు కూర్చుంటారు. ఆ పలకలకి ఇంకేమీ రాయకూడదని కూడా నిర్ణయించాను. పాత టేకు చేవ, పైన పూత లేకుండానే ఉండగలదు. ఎండకి బూడిదరంగుకి తిరుగుతుంది, అది పైపైనే.

మే 11

బల్ల, పందిరి రెండూ నిలబడ్డాయి. ఇప్పుడు మొక్కల సంగతి.

మధ్యాహ్నం రెండింటికి ఆనపపాదు ఆకులన్నీ గొడుగు మూసినట్టు వాలిపోయాయి. మా పాప బకెట్ తీసుకుని పరిగెత్తింది, ఆపాను. వేలు మట్టిలో దించి చూస్తే రెండంగుళాల కింద చల్లగా, తడిగానే ఉంది. ఆకు కూడా మనలాగే చెమటతో చల్లబడుతుంది. కింది వైపున్న సన్నటి రంధ్రాల్లోంచి నీటిఆవిరి వదులుతుంది. మండే ఎండలో వేర్లు తెచ్చిచ్చే నీటికన్నా పోయేది ఎక్కువైతే ఆకు వాలుతుంది. ఉక్కగా, గాలి ఆడకుండా ఉన్నప్పుడు మన ఒంటి మీద చెమట ఆరనట్టే ఆకు ఆవిరీ సరిగా పోదు, ఆకు వేడెక్కుతుంది. రెండు సందర్భాల్లోనూ తడి మట్టిలో ఇంకా నీళ్లు పోస్తే వేరుకి ఊపిరి ఆడదు. సాయంత్రం ఆరున్నరకి ఆకులు వాటంతట అవే లేచాయి. పొద్దున్నే కూడా వాలి ఉంటే అప్పుడు కంగారు పడాలి.

నీళ్లు ఉదయం ఆరు లోపు, మొక్క మొదలు దగ్గరే. సాయంత్రం పైనుంచి చల్లడం మానేశాను. రాత్రంతా ఆకు తడిగా ఉంటే తెగులుకి మనమే పక్క పరిచినట్టు.

మొదళ్ల చుట్టూ కొబ్బరి డొక్కలు తిరగేసి పరిచాను, కాండానికి ఆనకుండా జానెడు వదిలి. ఉద్దానం వైపు నుంచి కొబ్బరికాయ వచ్చే మాకు డొక్కలకు లోటు లేదు. పందిరి రాటల దగ్గర మాత్రం పరచలేదు. ఎండు డొక్క అంటే చెదకి ఇష్టం.

మే 26

టమాటా పూత మొత్తం రాలిపోయింది. తెగులు కాదు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 24, 25కి దిగకపోతే పుప్పొడి పనిచేయదు. సముద్రం పక్కన మే రాత్రులు చల్లబడవు. పీకేసి ఆ మడిలో తోటకూర చల్లాను. మొక్కజొన్న, జొన్నలాగే తోటకూర కూడా మండే ఎండలో ఆహారం బాగా తయారుచేసుకునే రకం. నాలుగు రోజుల్లో మొలిచింది.

జూన్ 24

వానలు మొదలైన పది రోజులకి రెండు వంగమొక్కలు ఉన్నట్టుండి వాడిపోయాయి. ఆకులు పచ్చగానే ఉన్నాయి, పొద్దున్న కూడా లేవలేదు. కాండాన్ని మొదట్లో కోసి, గాజు గ్లాసులో మంచినీళ్లు పోసి, కోసిన కొస నీళ్లలో తగిలేలా వేలాడదీశాను. రెండు నిమిషాలకి కొస నుంచి పాలదారంలాంటి తెల్లటి తీగ నీళ్లలోకి దిగింది. ఇది బాక్టీరియా ఎండుతెగులు. వేడి, తడి నేల కలిస్తే దీనికి పండగ. మందు లేదు. మొక్కల్ని వేర్లతో సహా తీసి కాల్చేశాను, పారను సబ్బునీళ్లతో కడిగాను. ఆ మడిలో వంగ, టమాటా, మిరప కొన్నాళ్లు వేయను, బెండ వేస్తాను. వచ్చే ఏడాది ఉస్తి మొక్క వేరు మీద వంగ అంటు కట్టి చూడాలి. ఉస్తి వేరు ఈ తెగులుని తట్టుకుంటుంది.

బాగా బాధేసింది. ఆ వంగ నారు నేనే పోసుకున్నాను.

ఇంకో మడిని ఇప్పుడు ఎనిమిదంగుళాలు ఎత్తు చేశాను. పక్కన బోదె తీసి నీరు వీధి కాలువలోకి పోయేలా మళ్లించాను. మొక్కకి కూడా అదే ప్రశ్న వేయాల్సింది, వేయలేదు.

జూలై 20

బీరపాదు ఆకుల మీద, నరాల మధ్య పసుపు రంగు గళ్లు. తిప్పి చూస్తే అడుగున బూడిదరంగు నూగు. పందిరి మీద తీగలు మూడు పొరలుగా అల్లుకుని, లోపల మధ్యాహ్నం పన్నెండుకి కూడా ఆకులు తడిగా ఉన్నాయి. తీగల్లో మూడోవంతు కోసేశాను, కింది ఆకులు మొత్తం తీసేశాను. వారానికి కొత్త ఆకులు శుభ్రంగా వచ్చాయి. పాత మచ్చలు పోవు, కొత్తవి తగ్గాయి.

చూరు కింది ముక్కల్లో అవిసె నూనె రాసినది నల్ల చుక్కలతో నిండిపోయింది. ఆ నూనె బూజుకి తిండి. చల్లటి పొడి ప్రాంతాల వాళ్లు పొగిడే పూత మన దగ్గర ఇలా అవుతుంది. జీడినూనె ముక్క మీద ఒక్క చుక్క కూడా లేదు.

ఆగస్టు 17

తూకం రోజు. చూరు కింద ఏమీ రాయని ముక్క 412 నుంచి 431కి పెరిగింది. మట్టి మీద ఏమీ రాయనిది 409 నుంచి 487కి. మట్టి మీద వార్నిష్ వేసినది 421 నుంచి 503కి. వార్నిష్ నీళ్లను ఆపలేదన్నమాట.

మట్టి మీది రెండింటినీ గాలి తగిలేలా గోడకి నిలబెట్టి మూడు రోజులు ఆగి మళ్లీ తూచాను. వాన లేదు, ఉక్క మాత్రం ఉంది. ఏమీ రాయనిది 446కి దిగింది, 41 గ్రాముల నీళ్లు వదిలింది. వార్నిష్ ముక్క 489 దగ్గరే ఉంది, 14 గ్రాములే వదిలింది. ఈ రెండు అంకెలు మా ఆయనకి చూపించాను. గేటుకి వార్నిష్ కొట్టిద్దాం అని మార్చి నుంచి అంటున్నాడు. ఇప్పుడు గేటు పని కూడా నాకే అప్పగించాడు.

బల్ల పలకల మధ్య సందు 6 నుంచి 5 మిల్లీమీటర్లకు కొంచెం లోపలికి వచ్చింది. ఒక్క పలకా వంగలేదు. రంగు బూడిదకి తిరుగుతోంది, నీడ వైపు పలక మీద సన్నగా పాచి. సబ్బునీళ్లు, కొబ్బరిపీచుతో చెక్క పీచు వాలున రుద్దితే పోయింది.

రెండో రాట రాయి మీద చెద గొట్టం కనబడింది, నాలుగంగుళాలు. గీకేశాను. రాటలోకి చేరలేదు.

సెప్టెంబరు 14

జాజి విరగబూస్తోంది. రాయడానికి ఇంకేమీ లేదు.

అక్టోబరు 5

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకి 140 నుంచి 150 కిలోమీటర్లు. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. మా ఇంట్లో పోయింది అప్పటి పందిరి ఒక్కటే, కానీ అది ఎలా పోయిందో నాకు గుర్తుంది. రాటలు విరగలేదు. నిండా ఆకులున్న తీగ తెరచాపలా గాలిని పట్టి, మెత్తబడిన మొదళ్ల దగ్గర నాలుగు రాటల్నీ ఒకేసారి పెకలించింది.

ఇప్పుడు మొదళ్లు గట్టివే. బోల్టులు ఈ రోజు మళ్లీ బిగించాను, ఒకటి పావు చుట్టు తిరిగింది. అయినా తీగను సగానికి కోయాలి. పూత ఇంకో నెల ఉంటుంది, అత్తమ్మకి మనసొప్పలేదు. కొయ్యకముందు ఆవిడ పందిరి కింద కొత్త బల్ల మీద చాట పెట్టుకుని కూర్చుంది. నేను నిచ్చెన మీద నుంచి కొమ్మ కోసి అందిస్తే, మొగ్గలన్నీ ఏరింది. చీకటి పడేసరికి పందిరిలోంచి ఆకాశం కనబడింది, చాటలో మొగ్గలు మూడు మూరలు వచ్చాయి.